రాసేస్తే కౌన్సెలింగ్ వచ్చినట్టేనా?

ప్రతి సెమిస్టర్ మొదట్లో మనకో కాగితం ఇస్తారు. ఈ కోర్సు పూర్తయ్యేసరికి స్టూడెంట్ ఏమేం చేయగలగాలో అందులో అయిదారు వాక్యాల్లో ఉంటుంది. వాటినే సీఓలు అంటాం. నోట్సు మొదటి పేజీలో రాయించుకుంటారు. మిడ్ పేపర్లో ప్రతి ప్రశ్న పక్కన సీఓ1, సీఓ2 అని వేస్తారు. ఎన్‌బీఏ టీమ్ వచ్చే ముందు వారం మన సార్లూ మేడమ్‌లూ రాత్రి దాకా కూర్చుని ఎక్సెల్ షీట్లు నింపుతారు. మనలో చాలామందికి సీఓలతో ఉన్న పరిచయం ఇంతే.

ఈ వ్యాసం ఆ కాగితం గురించే. కాకపోతే మన బ్రాంచిది కాదు, ఫార్మసీ వాళ్ళది. ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో ఫార్మసీ గోల ఏంటి అనుకోకండి. మా అక్క వేరే ఊళ్ళో బీ.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. మొన్న ప్రిపరేషన్ సెలవుల్లో ఇద్దరం ఇంట్లో ఉన్నప్పుడు తన సిలబస్ పుస్తకం నా చేతికొచ్చింది. ఊరికే తిరగేద్దామని మొదలుపెట్టి, పెన్సిల్ తీసుకుని గీతలు గీసేదాకా వెళ్ళాను. మన కోర్సుల్లో లక్ష్యానికీ పరీక్షకీ పొంతన కుదరకపోతే మహా అయితే ఇంటర్వ్యూలో తెల్లమొహం వేస్తాం. వాళ్ళ కోర్సుల్లో కుదరకపోతే ఆ తేడా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఒంట్లోకి పోతుంది. పైగా ఇది సగం భాషకి సంబంధించిన గొడవ, అందుకే మన క్లబ్బులోనే రాస్తున్నాను.

ఏడో సెమిస్టర్‌లో వాళ్ళకి ఫార్మసీ ప్రాక్టీస్ అనే సబ్జెక్టు ఉంది. సిలబస్ ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది, అంటే ఏ యూనివర్సిటీలో చదివినా దాదాపు ఇదే. పైన ఆబ్జెక్టివ్స్ వరుసగా ఇచ్చారు. ఆస్పత్రిలో మందులు పంచే పద్ధతులు తెలియాలి అనేది ఒకటి. అది సరే, తెలుసో లేదో రాయించి చూడొచ్చు. మిగతావి చూడండి. పేషెంట్‌తో మాట్లాడి ఇంతకుముందు వాడిన మందుల వివరాలు రాబట్టాలి. మందుల వల్ల వచ్చిన ఇబ్బందుల్ని గుర్తుపట్టాలి. ల్యాబ్ రిపోర్టు చూసి అర్థం చెప్పగలగాలి. మందుల షాపులో పేషెంట్‌కి కౌన్సెలింగ్ చేయాలి. అన్నీ చేతలే. మనిషి ఎదురుగా ఉంటే తప్ప కుదరని పనులు.

ఇప్పుడు పరీక్ష చూద్దాం. మొత్తం 100 మార్కులు. అందులో 75 ఎండ్ సెమ్ రాతపరీక్ష, మూడు గంటలు. ఆబ్జెక్టివ్ ప్రశ్నలకి 20, పది మార్కుల పెద్ద ప్రశ్నలు రెండు, అయిదు మార్కుల చిన్న ప్రశ్నలు ఏడు. మిగతా 25 ఇంటర్నల్. ప్రాక్టికల్ ఉందా అని వెతికాను. ఆ సబ్జెక్టు కోడ్ చివర 'టీ' అని ఉంటుంది, థియరీ అని అర్థం. మిగతా చాలా సబ్జెక్టులకి 'పీ' అనే జోడీ ఉంది. ప్రాక్టీస్ అని పేరున్న ఈ సబ్జెక్టుకి మాత్రం ప్రాక్టికల్ లేదు! ఇది చూసి నేను నవ్వితే అక్క నవ్వలేదు. "మాకు అలవాటైపోయింది, నువ్వే కొత్తగా చూస్తున్నావ్" అంది.

ఇంటర్నల్ 25లో 15 సెషనల్ పరీక్షలవి, అవీ రాతే. మిగిలిన 10ని ఇలా పంచారు: హాజరుకి 4, క్విజ్ అసైన్‌మెంట్ సెమినార్ లాంటి వాటికి 3, టీచర్‌తో స్టూడెంట్ మాట్లాడే తీరుకి 3. హాజరు 95 శాతం దాటితే ఆ 4 మార్కులూ నీవే. అంటే ఒక మాస్టారు పట్టుదలగా క్లాసులో కౌన్సెలింగ్ చేయించినా దానికి ఆయన వేయగలిగేది మూడు మార్కులు. క్లాసులో కూర్చున్నందుకు మాత్రం నాలుగు.

దీన్నిబట్టి ఆ సబ్జెక్టులో ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మనమూ ఆ బాపతే కదా. కౌన్సెలింగ్ అంటే నిర్వచనం, అందులో మెట్లు, ఎలాంటి పేషెంట్లకి ప్రత్యేక శ్రద్ధ కావాలి, ఫ్లోచార్టు. పాత పేపర్లలో మూడుసార్లు వచ్చింది కాబట్టి గ్యారంటీ ప్రశ్న. అక్క ఆ జవాబు పన్నెండు నిమిషాల్లో రాసేస్తుంది. హెడ్డింగుల కింద స్కెచ్‌తో గీతలు కూడా గీస్తుంది. పదికి ఎనిమిది ఎక్కడికీ పోవు.

ఆ సెలవుల్లోనే ఒక సంగతి జరిగింది. మా నాయనమ్మకి ఆయాసం. డాక్టర్ పీల్చే పొడి మందు రాశారు. చిన్న ప్లాస్టిక్ పరికరంలో క్యాప్సూల్ వేసి తిప్పితే అది విచ్చుకుంటుంది, ఆ పొడిని నోటితో లోపలికి లాగాలి. మందుల షాపులో రెండూ ఒక కవర్లో వేసి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పి పంపారు. మేం వచ్చేసరికి నాయనమ్మ నాలుగు రోజులుగా ఆ క్యాప్సూల్స్‌ని మంచినీళ్ళతో మింగుతోంది. పరికరం బీరువాలో భద్రంగా ఉంది. "మాత్రంటే మింగక ఏం చేస్తారే?" అంది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. కడుపులోకి పోయిన ఆ పొడి ఊపిరితిత్తులకి చేయాల్సిన పని చేయదు, ఆయాసం అలాగే ఉంటుంది, ఆ విషయం ఆవిడకి చెప్పాల్సిన వాళ్ళు చెప్పలేదు. ఇలా మింగేయడం మా నాయనమ్మ ఒక్కదాని సంగతేం కాదు, ప్రపంచమంతటా తెలిసిన పొరపాటే.

అక్క పక్కన కూర్చుని నేర్పడం మొదలుపెట్టింది. మొదట పుస్తకం భాషలో "డీప్‌గా ఇన్‌హేల్ చెయ్యి" అంది. నాయనమ్మ నా వైపు చూసింది. తర్వాత "గట్టిగా పీల్చు" అంది. ఆవిడ ముక్కుతో పీల్చింది. "నోటితో" అంటే ఈసారి ఊదింది, పొడంతా చీర మీద పడింది. ఒక క్యాప్సూల్ వృథా. చివరికి అక్కకి దారి దొరికింది: "ఊపిరంతా బయటికి వదిలెయ్. ఇప్పుడు దీన్ని పెదాలతో గట్టిగా పట్టుకుని, వేడి చారు జుర్రినట్టు ఒక్కసారిగా లోపలికి లాగు. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టు." అదీ కుదిరింది. అందులో స్టెరాయిడ్ కూడా ఉంది కాబట్టి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలని చెప్పింది, లేకపోతే నోట్లో పూత వస్తుందని. ఆఖర్న "ఏదీ, నువ్వొక్కసారి నాకు చేసి చూపించు" అంది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోచోట. ఆ చివరి మెట్టు, అంటే పేషెంట్ చేతే తిరిగి చెప్పించడం, చేయించడం, అక్క పరీక్షలో రాసే జవాబులో ఆరో పాయింటు. బాగా తెలుసు తనకి. కానీ నాలుగేళ్ళలో ఒక మనిషి ముందు దాన్ని చేసింది అదే మొదటిసారి. అదీ పరీక్ష కోసం కాదు, నాయనమ్మ కోసం.

ఈ తేడాకి చదువుల శాస్త్రంలో పేర్లున్నాయి. 1990లో జార్జ్ మిల్లర్ అనే ఆయన వైద్య విద్య గురించి రాస్తూ ఒక పిరమిడ్ గీశాడు. అడుగున 'తెలుసు', దాని మీద 'ఎలా చేయాలో తెలుసు', ఆ పైన 'చేసి చూపగలడు', శిఖరం మీద 'నిజంగా చేస్తాడు'. రాతపరీక్ష ఎంత బాగా తయారుచేసినా కింది రెండు అంతస్తులు దాటదు. ఇంకో ఆరేళ్ళకి జాన్ బిగ్స్ అనే ఆస్ట్రేలియా ఆచార్యుడు కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్ అనే మాట వాడుకలోకి తెచ్చాడు. పెద్ద మాటే గానీ విషయం మన ఇళ్ళల్లో తెలిసిందే. లక్ష్యంలో ఏ క్రియాపదం ఉందో క్లాసులో స్టూడెంట్ చేత ఆ పనే చేయించాలి, పరీక్షలోనూ ఆ పనే అడగాలి. 'కౌన్సెలింగ్ చేయు' అని రాసుకుని 'కౌన్సెలింగ్ గురించి వ్రాయుము' అని అడిగితే, స్టూడెంట్ రెండోదాన్నే నేర్చుకుంటాడు. వాడు సోమరి అవడం వల్ల కాదు, తెలివైనవాడు కాబట్టే. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పితే గట్టు మీద కూర్చోవడం బాగా వస్తుంది.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. రాతపరీక్ష వద్దనే వాళ్ళలో నేను లేను. మెథోట్రెక్సేట్ అనే మందు తీసుకోండి. క్యాన్సర్‌కి వాడతారు, చిన్న మోతాదులో రుమటాయిడ్ కీళ్ళవాతానికీ వాడతారు. కీళ్ళ జబ్బుకి రాసినప్పుడు అది వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని మనిషే పోవచ్చు. అలా పోయిన వాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. ఇది ఎందుకిలా అని తెలియాలంటే ఆ మందు ఫోలేట్‌ని వాడుకునే ఎంజైముని అడ్డుకుంటుందని, వేగంగా పెరిగే కణాల మీద దెబ్బ పడుతుందని తెలియాలి. అది ఫార్మకాలజీ. రాయించి చూడాల్సిందే. అది తెలియకుండా కౌన్సెలింగ్ చేస్తే చిలకపలుకులే అవుతాయి.

కానీ కౌంటర్ దగ్గర కావాల్సిన పని వేరు. చీటీలో డాక్టర్ రాసిన పొట్టి అక్షరాలు చూసి "ఇది రోజూ కాదు, వారానికోసారి" అని పట్టుకోవాలి. "అమ్మా, మీరు ఏ వారం వేసుకుంటారు? ఆదివారమా? అయితే ఆదివారం తప్ప ఇంకే రోజూ దీన్ని ముట్టుకోకండి" అని వారం పేరు పెట్టి చెప్పాలి. దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ రాసి ఉంటే రెండూ కలగాపులగం అవకుండా వేరే వారం చెప్పాలి. చివర్లో "ఏదీ, ఎప్పుడు వేసుకుంటారో మీరు చెప్పండి" అని అడగాలి. ఎంజైమ్ పేరు రాసి పది మార్కులు తెచ్చుకున్న మనిషికి ఈ నాలుగు వాక్యాలు వస్తాయో రావో ఆ పది మార్కులు చెప్పలేవు.

మనవాళ్ళకి లెక్కలు ఇష్టం కాబట్టి ఇంకోటి. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకి 40 యూనిట్లది. 100 యూనిట్లదీ ఉంది. సిరంజిలూ రెండు రకాలు: 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 100 యూనిట్ల మందుని ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి. 20 గీతలంటే అర మిల్లీలీటరు. అర మిల్లీలీటరులో ఉన్నది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి ఆ తేడా చాలు. అదే తిరగేసి, 40 యూనిట్ల మందుని నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేవి 8 యూనిట్లే. ఈ లెక్క మనలో ఎవరైనా అర నిమిషంలో చేస్తారు. కాగితం మీద ప్రశ్నగా ఇస్తే ఫార్మసీ వాళ్ళూ చేస్తారు. సీసా, సిరంజి చేతిలో పెట్టి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి, ప్రశ్నే అడక్కుండా వదిలేస్తే ఎంతమంది మూత రంగు చూస్తారనేది వేరే పరీక్ష. అసలు పరీక్ష అదే.

ఇక భాష దగ్గరికి వద్దాం. మొదటి సెమిస్టర్‌లో వాళ్ళకి కమ్యూనికేషన్ స్కిల్స్ ఉంది. దానికైతే ప్రాక్టికల్ కూడా ఉంది! మనకున్నట్టే ఇంగ్లీషు లాంగ్వేజ్ ల్యాబ్ లాంటిది: పరిచయం చేసుకోవడం, ప్రశ్నలు అడగడం, ఉచ్చారణ. పనికిరాదని అనను, ఇంటర్వ్యూలకి కావాలి. కానీ నరసరావుపేటలోనో నల్గొండలోనో మందుల షాపు కౌంటర్ ముందుకి వచ్చే మనిషి ఏ భాషలో మాట్లాడతాడు? "పథ్యం ఏమన్నా ఉందా బాబూ?" అంటాడు. "ఈ బిళ్ళ వేడి చేస్తోంది, మానేశా" అంటాడు. "రేపు ఏకాదశి, ఉపవాసం, షుగర్ మాత్ర వేసుకోవచ్చా?" అని అడుగుతుంది ఒకావిడ. ఈ మూడింటికీ జవాబు చెప్పాలంటే ఫార్మకాలజీ రావాలి, పథ్యం అనే మాట వెనక ఉన్న నమ్మకమూ తెలియాలి. వేడి చేయడం అంటే ఆ మనిషి నోటి పూత గురించి చెబుతున్నాడా, మంట గురించా, విరోచనాల గురించా అని అడిగి తెలుసుకోవాలి. "అలాంటిదేం ఉండదు" అని కొట్టిపారేస్తే ఆయన తలూపి ఇంటికెళ్ళి మందు మానేస్తాడు.

తెలుగులో దీనికి కావాల్సిన మాటలన్నీ ఉన్నాయి. ఖాళీ కడుపుతో వేసుకునేదానికి పరగడుపున అంటాం. రోజు విడిచి రోజు అంటాం. నాలుక కింద పెట్టుకో, చప్పరించకు, నమలకు, పుక్కిలించు, ఊపిరి బిగబట్టు. ఒక్కో మాటా ఒక ఇంగ్లీషు వాక్యం చేసే పని చేస్తుంది. చిక్కులూ ఉన్నాయి. 'మూడు పూటలా' అంటే ఇంట్లో అర్థం టిఫిను, భోజనం, రాత్రి అన్నం. ఎనిమిది గంటలకోసారి వేసుకోవాల్సిన యాంటీబయోటిక్‌కి అది సరిపోదు. ఏది ఎలా చెప్పాలో ఒక ఫార్మసీ స్టూడెంట్ నాలుగేళ్ళలో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పి చూసుకోవాలి కదా. పరీక్షలో లేదు కాబట్టి క్లాసులో లేదు.

ఇంతకీ ఈ సబ్జెక్టు సీఓ అటైన్‌మెంట్ షీట్ ఎలా ఉంటుందో ఊహించండి. ఎన్‌బీఏ ఫార్మసీకి 11 పీఓలు పెట్టింది, మనకి చాలా ఏళ్ళు 12 ఉన్నట్టు. వాళ్ళ లిస్టులోనూ కమ్యూనికేషన్ అని ఒకటుంది. 'పేషెంట్లకి కౌన్సెలింగ్ చేయును' అనే సీఓ ఎదురుగా కమ్యూనికేషన్ గడిలో 3 వేస్తారు, అంటే గట్టి సంబంధం అని. నిజమే, సంబంధం గట్టిదే. తర్వాత ఆ సీఓకి కట్టిన ప్రశ్నలో ఎంతమందికి ఎన్ని మార్కులొచ్చాయో షీట్‌లోకి ఎక్కుతుంది. ప్రశ్న: పేషెంట్ కౌన్సెలింగ్ మీద లఘుటీక. ఎక్కువ మందికి అయిదుకి నాలుగు. షీట్ గుణించి, భాగించి, లెవెల్ 3 సాధించాం అని ఆకుపచ్చ రంగు చూపిస్తుంది. ఆ అంకె ఎక్కడా అబద్ధం కాదు, ఏ గడిలోనూ తప్పు లేదు. కమ్యూనికేషన్ అనే గడి నిండింది, ఒక్కరూ నోరు తెరవలేదు. సెన్సార్ దేన్ని కొలుస్తోందో చూడకుండా దశాంశ స్థానాలు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో మన ఇన్‌స్ట్రుమెంటేషన్ మాస్టారు మొదటి క్లాసులోనే చెప్పారు.

ఫార్మసీ వాళ్ళకి పొంతన కుదర్చడం రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. వాళ్ళ కెమిస్ట్రీ, అనాలిసిస్ ల్యాబులు చూడండి. ప్రాక్టికల్ పరీక్ష 35 మార్కుల్లో 25 ప్రయోగానికే. బ్యూరెట్ పట్టుకుని ఒక్కో చుక్కా వదలాలి, రంగు మారిన చోట ఆపాలి, శాతం లెక్క కట్టాలి. టైట్రేషన్ ఎలా చేస్తారో వ్యాసం రాసి తప్పించుకునే వీల్లేదు. అంటే పదార్థంతో పని ఉన్నచోట చేయించి చూస్తున్నారు, మనిషితో పని ఉన్నచోట రాయించి సరిపెడుతున్నారు. ఇంకో చిత్రం. 2020 నిబంధనల తర్వాత రెండేళ్ళ డీ.ఫార్మసీలో కమ్యూనిటీ ఫార్మసీకి ప్రాక్టికల్ ఉంది. అందులో పాత్రలు వేసుకుని ఒకరు పేషెంటుగా, ఒకరు ఫార్మసిస్టుగా మాట్లాడే అభ్యాసాలున్నాయి. ఆరేళ్ళ ఫార్మ్.డీ వాళ్ళు వార్డుల్లో తిరుగుతారు. మధ్యలో నాలుగేళ్ళ బీ.ఫార్మసీకే ఈ లోటు. ఏడో సెమిస్టర్‌లో 150 గంటల ప్రాక్టీస్ స్కూల్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అందులో స్టూడెంట్ తీసుకునేది ఏదో ఒక విభాగం. అది ఫార్ములేషన్ అయినా కావచ్చు, హెర్బల్ అయినా కావచ్చు.

బీ.ఫార్మసీ వాళ్ళంతా కంపెనీలకే పోతారు, కౌంటర్లో ఎవడు నిలబడతాడు అనే వాదన కూడా విన్నాను. కొంత నిజం. కానీ ఆ డిగ్రీ చేతికొస్తే ఫార్మసిస్టుగా రిజిస్టర్ అయ్యే హక్కు వస్తుంది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం పేషెంట్ కౌన్సెలింగ్ ఫార్మసిస్ట్ బాధ్యతల్లో ఒకటి. లైసెన్సు ఇచ్చే డిగ్రీ ఆ లైసెన్సుతో చేసే పనిని ఒక్కసారైనా చేయించి చూడాలి. కెనడా వెళ్ళిన మనవాళ్ళని అడగండి. అక్కడ ఫార్మసిస్ట్ లైసెన్సుకి రాసే పరీక్షలో రెండో భాగం అచ్చంగా ఇదే. నటించే పేషెంట్లు గదుల్లో కూర్చుంటారు, అభ్యర్థి ఒక్కో గదికీ వెళ్ళి మాట్లాడాలి. ఇక్కడ కాలేజీలో ఎప్పుడూ ఎదురవని పరీక్షకి అక్కడ డబ్బు కట్టి కోచింగ్ తీసుకుంటున్నారు.

ఆ పద్ధతి పేరు ఆస్కీ. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ మెడికల్ స్టూడెంట్ల కోసం మొదలుపెట్టాడు. వరుసగా స్టేషన్లు, ఒక్కో దాంట్లో ఒక పని, కొన్ని నిమిషాల గడువు, గంట మోగితే తర్వాతి స్టేషన్. మార్కులేసేవారి చేతిలో ముందే రాసిన చెక్‌లిస్టు ఉంటుంది: పేరు అడిగారా, అలర్జీలు అడిగారా, పరికరం చూపించారా, తిరిగి చెప్పించారా. కాబట్టి 'ఆ సార్‌కి నేనంటే పడదు' అనే గొడవ మన మామూలు వైవా కంటే తక్కువ. నటించే పేషెంట్లనే ఆలోచన ఇంకా పాతది, అమెరికాలో హోవర్డ్ బారోస్ 1963 నుంచే వాడాడు.

టైమ్ ఎక్కడిది అంటారు. లెక్క వేద్దాం. 60 మంది స్టూడెంట్లు, నాలుగు స్టేషన్లు, ఒక్కో దాంట్లో 8 నిమిషాలు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చదివిన వాళ్ళకి ఇది పైప్‌లైన్ అని వెంటనే తెలుస్తుంది. స్టేషన్లు ఎన్ని పెట్టినా ప్రతి 8 నిమిషాలకీ ఒకరు బయటికి వస్తారు. 60 మందికి 480 నిమిషాలు, అంటే 8 గంటలు. రెండు వరుసలు పెడితే 4 గంటలు. మూడు బ్యాచ్‌ల ప్రాక్టికల్స్‌కి ఇప్పుడు ఖర్చవుతున్న టైమ్ కంటే ఇది ఎక్కువేం కాదు. నిజమైన కష్టం మాస్టార్ల సంఖ్య. నాలుగు స్టేషన్లకి నలుగురు కూర్చోవాలి, రెండు వరుసలైతే ఎనిమిది మంది. చిన్న కాలేజీల్లో అది కష్టమే, కాదనను. అందుకే మొదట రెండు స్టేషన్లతో, మార్కులు లేకపోయినా సరే, మొదలుపెట్టొచ్చు. మార్కులు కావాలంటే ఆ 3 మార్కుల గడి ఉండనే ఉంది. సిలబస్‌లో పీ అనే అక్షరం రావడం కౌన్సిల్ చేతిలో ఉన్న పని. ఆ మూడు మార్కులు మాత్రం ఏ కాలేజీకైనా రేపే చేతిలో ఉన్నాయి.

పేషెంట్లుగా ఎవరు నటిస్తారు? ఇక్కడే మన క్లబ్బు గుర్తొచ్చింది. మన క్యాంపస్‌లో ఫార్మసీ బ్లాక్ క్యాంటీన్ వెనకే ఉంది. మనకి నాటకాలు వేసేవాళ్ళున్నారు, శ్రీకాకుళం యాస నుంచి ఆదిలాబాద్ యాస దాకా మాట్లాడేవాళ్ళున్నారు. ఉగాదికి వేసే స్కిట్‌లో సగం శ్రమ పెడితే ఒక్కొక్కరికి ఒక పేషెంట్ పాత్ర తయారవుతుంది. చెవి సరిగ్గా వినపడని తాత, చదవడం రాని అమ్మ, అన్నిటికీ గూగుల్‌లో చూశా అనే బాబాయి. ఇప్పటికి ముగ్గురం పేర్లిచ్చాం. వచ్చే నెల మీటింగులో ఈ విషయం పెడుతున్నాం, ఫార్మసీ నుంచి ఒక మేడమ్ వస్తానన్నారు, రెండు స్టేషన్లకి ఆవిడ దగ్గర చెక్‌లిస్టులు ఉన్నాయట. పాత్ర కావాల్సిన వాళ్ళు ముందే చెప్పండి. "వేడి చేస్తోందని మందు మానేసిన మనిషి" మాత్రం నేను తీసేసుకున్నాను.